ఫిలిప్పీన్స్ లాకాస్ పార్టీ: అపోహలు - వాస్తవాలు

ఆగ్నేయాసియా రాజకీయాలు నేను చెప్పే పాఠం. పిల్లల్ని ఎంబీబీఎస్‌కి ఫిలిప్పీన్స్‌లోని దవావో నగరానికి పంపిన తల్లిదండ్రులు అప్పుడప్పుడు అడుగుతుంటారు: "సార్, అక్కడ ఏ పార్టీ అధికారంలో ఉంది?" ప్రశ్న చిన్నదే, జవాబే చిన్నది కాదు. మన పార్టీ లెక్కలు అక్కడ పనికిరావు. లాకాస్-సీఎండీనే తీసుకోండి. లాకాస్ అంటే బలం. కాస్త మితవాదం (రైట్ వింగ్) వైపు మొగ్గిన మధ్యేవాద పార్టీ అంటారు.

అపోహ: పేరులో క్రిస్టియన్ ఉంది కాబట్టి అది చర్చి పార్టీ.

వాస్తవం: సీఎండీ అంటే క్రిస్టియన్ ముస్లిం డెమోక్రాట్స్. కాథలిక్కులే ఎక్కువగా ఉన్న ఆ దేశానికి అధ్యక్షుడైన తొలి ప్రొటెస్టెంటు, ఈ పార్టీని పెట్టిన ఫిడెల్ రామోసే. ఆయన ప్రభుత్వంలో ఆరోగ్య మంత్రి హువాన్ ఫ్లావియర్ కండోమ్‌ల గురించి బాహాటంగా ప్రచారం చేసి బిషప్పుల ఆగ్రహానికి గురయ్యారు.

అపోహ: జనం మెజారిటీ ఇస్తేనే లాకాస్ అధికారంలోకి వచ్చింది.

వాస్తవం: నాకు బాగా ఇష్టమైన కథ ఇది. 1991 చివర్లో ఎల్‌డీపీ అనే పెద్ద పార్టీ అధ్యక్ష టికెట్ రామోస్‌కి కాకుండా స్పీకర్ రామోన్ మిత్రాకి ఇచ్చింది. రామోస్ బయటికొచ్చి సొంత కుంపటి పెట్టుకున్నారు, రౌల్ మంగ్లాపుస్ నడిపిన క్రిస్టియన్ డెమోక్రాట్లను కలుపుకొన్నారు. 1992 మేలో ఏడుగురు పోటీపడితే ఆయనకొచ్చింది 24 శాతం లోపే. అక్కడ రెండో రౌండ్ ఉండదు, ఎక్కువ ఓట్లొచ్చినవాళ్లే అధ్యక్షులు. దిగువ సభలో ఎక్కువ సీట్లు ఎల్‌డీపీవే. అయినా స్పీకర్ కుర్చీ లాకాస్ నేత హోసే డి వెనెసియాకి దక్కింది. ఎలాగంటారా? గెలిచినవాళ్లంతా అధికారం ఉన్నచోటికి నడిచొచ్చారు. మనకు 1985 నుంచి ఫిరాయింపుల చట్టం ఉంది (దాని పనితీరు గురించి అడక్కండి). వాళ్లకు అదీ లేదు. ఇలాంటి నాయకులను ఫిలిపినోలు 'బలింబింగ్' అంటారు, అంటే స్టార్ ఫ్రూట్. ఎటు తిప్పినా ఇంకో ముఖం.

అపోహ: మితవాద పార్టీ కదా, సిద్ధాంతం మారదు.

వాస్తవం: కమ్యూనిస్టు పార్టీపై నిషేధాన్ని 1992లో ఎత్తేసింది రామోసే. 1993లో మరణశిక్షను తిరిగి తెచ్చిందీ ఆయనే. 2006లో దాన్ని రద్దు చేసిన అధ్యక్షురాలు గ్లోరియా అరోయోదీ ఇదే లాకాస్.

అపోహ: అధ్యక్షుడిది ఏ పార్టీయో ఉపాధ్యక్షుడిదీ అదే.

వాస్తవం: రెండు పదవులకూ విడివిడిగా ఓటేస్తారు. 1992లో అధ్యక్షుడు రామోస్ పక్కన ఉపాధ్యక్షుడు ఎస్ట్రాడా, 1998లో ఎస్ట్రాడా అధ్యక్షుడైతే పక్కన ఉపాధ్యక్షురాలు అరోయో. రెండుసార్లూ వేర్వేరు పార్టీలే.

అపోహ: అరోయో దిగిపోయాక లాకాస్ కథ ముగిసింది.

వాస్తవం: అలాగే అనిపించింది. 2010లో అభ్యర్థి గిల్బర్ట్ తియోడోరో నాలుగో స్థానంలో నిలిచారు. చాలామంది కొత్త అధ్యక్షుడి లిబరల్ పార్టీలోకి దూకారు, కొందరు వేరే పార్టీ పెట్టుకున్నారు. తర్వాత 2021 నవంబరులో దవావో మేయర్ సారా దుతెర్తె లాకాస్‌లో చేరి, మరుసటి ఏడాది ఉపాధ్యక్షురాలయ్యారు. అధ్యక్షుడు మార్కోస్ బంధువు, లాకాస్ అధ్యక్షుడు మార్టిన్ రొమువాల్డెజ్ స్పీకర్ అయ్యారు. మళ్లీ వలసలు, ఈసారి లోపలికి. 2023 మేలో అరోయోకి సభలో సీనియర్ డిప్యూటీ స్పీకర్ పదవి పోయింది. రెండు రోజులకే సారా పార్టీకి రాజీనామా చేశారు. ఆమె లాకాస్‌లో ఉన్నది ఏడాదిన్నర.