వస పొయ్యకపోయినా మాటలొస్తాయి

ఎవరైనా గుక్క తిప్పుకోకుండా మాట్లాడుతుంటే "చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా ఏమిటే నీకు" అంటాం. వసకొమ్ము సానరాయి మీద అరగదీసి, తేనెలో రంగరించి పసిబిడ్డ నాలుకకు రాయడం చాలా ఇళ్లలో అలవాటే. కానీ వసలో బీటా ఆసరోన్ అనే పదార్థం ఉంది. వస నూనె తిన్న ఎలుకలకు కణితులు వచ్చాయని తేలాక 1968లో అమెరికా వసను ఆహారంలో వాడకుండా నిషేధించింది. ఇక ఏడాది నిండని బిడ్డకు తేనె అసలే పెట్టకూడదు.

మరి పాతకాలం పిల్లలకు మాటలెలా వచ్చాయంటారా? వస అరగదీస్తున్నంతసేపూ అమ్మమ్మ నోరు ఊరుకునేది కాదుగా, అదీ సంగతి.

ఒకసారి మా ఇంట్లో ఎనిమిది నెలల పాప "బ్బ బ్బ" అంది. అమ్మమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీయడం ఆపి, "బువ్వా? బువ్వ కావాలా మా తల్లికి?" అని పాప మొహంలోకి చూస్తూ ఆగింది. రెండు మూడు క్షణాలంతే. పాప కాళ్లు తపతపా కొట్టి మళ్లీ "బ్బ" అంది. "ఆఁ, పెడతానుండు!" కిటుకంతా ఆ ఆగడంలోనే ఉంది. మనం గడగడా మాట్లాడేస్తాం, బిడ్డ వంతు బిడ్డకివ్వం.

ముద్దుమాటలు నేర్పితే పిల్లలు చెడిపోతారనేవాళ్లతో నాకు పేచీ. బ, మ, ప పలకడానికి పెదవులు కలిపి విడిస్తే చాలు, ఆ కదలిక బిడ్డకు కనిపిస్తుంది కూడా. బువ్వ, లాల, జోజో అన్నీ చిన్న నోటికి సరిపడా కుదించిన మాటలు. "లాల పోసుకుందామా, నీళ్లు వెచ్చగా ఉన్నాయి" అంటే లాలతోపాటు అసలు వాక్యమూ చెవిన పడుతుంది.

ఆ చెవి గట్టిది. హిందీలోని త, ట శబ్దాల తేడాను ఇంగ్లీషు ఇళ్లలో పెరిగే ఆరేడు నెలల పిల్లలు పట్టేస్తారనీ, ఏడాది వచ్చేసరికి ఆ నేర్పు బాగా తగ్గిపోతుందనీ 1984లో కెనడాలో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అనే పరిశోధకులు చూపించారు. మన పిల్లలకు అది నిలుస్తుంది. రోజూ "తాతకు టాటా చెప్పు" అంటాం కదా!

అయితే ఫోను చేతికిస్తే ఈ పని జరగదు. 2003లో ప్యాట్రీషియా కూల్ అనే పరిశోధకురాలి బృందం అమెరికాలో తొమ్మిది నెలల పిల్లలకు పన్నెండుసార్లు చైనా వారి మాండరిన్ భాష వినిపించింది. ఎదురుగా మనిషి కూర్చుని ఆడించినప్పుడు ఆ శబ్దాల తేడాలు పట్టుకున్నారు. అదే మనిషిని టీవీలో చూసిన పిల్లలకు ఏమీ అంటలేదు.

పదహారు నెలలొచ్చినా ఒక్క మాటా రాకపోతే, రెండేళ్లు నిండినా "అమ్మ, పాలు" లాంటి రెండు మాటలు కలపకపోతే, "వాళ్ల నాన్నకూ ఆలస్యంగానే వచ్చాయిలే" అని కూర్చోకండి. ముందు చెవి పరీక్ష చేయించండి. వెనక గిన్నె మోగిస్తే తిరిగి చూసిందనుకోవడం చాలదు. గిన్నె మోత వినబడే చెవికి "స" లాంటి సన్నని శబ్దం అందకపోవచ్చు.