లింకులు రెండు, గుంత ఒకటే

హైవే పక్కన జేసీబీ దిగి ఫైబర్ కేబుల్ తెంపింది, అనంతపురంలో నెట్ గొడవ మళ్లీ మొదలైంది. "రెండు కంపెనీల లింకులున్నాయన్నారు కదా, ఒక్క కట్‌కే అంతా ఎట్లా పోయింది?" అని కస్టమర్లు, పెద్ద కంపెనీల దగ్గర లింకులు కొని ఇళ్లకు నెట్ ఇచ్చే లోకల్ ఆపరేటర్లను నిలదీస్తున్నారు.

ఈ ప్రశ్నకు జవాబు 2008 జనవరి 30నే దొరికింది. ఆ రోజు ఈజిప్టులోని అలెగ్జాండ్రియా దగ్గర సముద్రంలో సీ-మీ-వీ 4, ఫ్లాగ్ అనే ఇంటర్నెట్ కేబుళ్లు రెండూ తెగాయి. యాజమాన్యాలు వేరైనా అక్కడ దారి దాదాపు ఒకటే. భారత్ నుంచి యూరప్ వైపు వెళ్లే ట్రాఫిక్ కుదేలైంది. తూర్పున సింగపూర్ మీదుగా లింకులున్నవాళ్లు నెమ్మదిగానైనా నెట్టుకొచ్చారు. కంపెనీల లెక్క కంటే దారుల లెక్క ముఖ్యమని అప్పుడే తేలిపోయింది.

మన దగ్గర ఆ లెక్క తేలనివ్వడం లేదు. హైదరాబాద్, బెంగళూరు మధ్య ఫైబర్ వేయడానికి సులువైన చోటు 44వ జాతీయ రహదారి అంచు. ఒకరి డక్టులో (కేబుల్ వేసే గొట్టంలో) ఇంకొకరు ఫైబర్ అద్దెకు తీసుకోవడం మామూలే. ఆపరేటర్ రెండు బిల్లులు కడతాడు, రెండు లింకులూ ఒకే గుంతలో ఉన్న సంగతి తెగినప్పుడే బయటపడుతుంది. రూట్ మ్యాప్ అడిగితే కంపెనీలు సెక్యూరిటీ పేరు చెప్పి దాటేస్తాయి.

దారులు వేరైనా ఇంకో చిక్కుంది. చిన్న ఆపరేటర్ చాలాసార్లు కంపెనీ నుంచి డిఫాల్ట్ రూట్ ఒక్కటే తీసుకుంటాడు, అంటే 'ఎక్కడికి వెళ్లాల్సిన ప్యాకెట్ అయినా నాకే పంపు' అనే ఒక్క దారి. గుత్తి దగ్గర కంపెనీ ఫైబర్ తెగినా, ఊళ్లోనే ఉన్న ఆ కంపెనీ రూటర్‌తో బీజీపీ సెషన్ (రూటర్లు దారుల సమాచారం ఇచ్చిపుచ్చుకునే కనెక్షన్) నిక్షేపంగా ఉంటుంది. కంపెనీ ఆ రూట్‌ను వెనక్కి తీసుకోకపోతే పోర్టు లైటు పచ్చగానే వెలుగుతుంది, ప్యాకెట్లు మాత్రం ఊరు దాటవు. రెండో లింక్ ఖాళీగా పడి ఉంటుంది.

ఆపరేటర్ల తప్పూ ఉంది. 10 జీబీపీఎస్ లింక్‌కు 2 జీబీపీఎస్ బ్యాకప్ పెట్టుకుంటే సాయంత్రం పూట అది ఆ లోడు మోయలేదు.

2023 మార్చిలో కేంద్రం 'కాల్ బిఫోర్ యూ డిగ్' యాప్ తెచ్చింది. తవ్వేవాళ్లు అందులో ముందే చెబితే, ఆ చోట కేబుళ్లున్న కంపెనీలకు కబురు వెళ్తుంది, కేబుల్ ఎక్కడుందో అవి తవ్వేవాళ్లకు చెప్పొచ్చు. తవ్వేవాళ్లకు చెప్పగలిగిన దారిని నెలనెలా డబ్బు కట్టే తమకెందుకు చెప్పరని ఆపరేటర్లు అడుగుతున్నారు. రూట్ మ్యాప్ ఇస్తామని రాసిస్తేనే లింక్ రెన్యువల్‌కు సంతకం పెడతామని కొందరు పట్టుబడుతున్నారు. కంపెనీలు ఇంకా ఒప్పుకోలేదు.