జెల్ గోళ్ల రంగు ఆరదు, తోడుకుంటుంది

మా అన్నయ్య కూతురు ఒక పెళ్లి కోసం గోళ్లకు జెల్ రంగు, అంటే ప్రత్యేకమైన లైటు కింద పెట్టి గట్టిపరిచే రకం, వేయించుకుంది. ఎనిమిది వేళ్లకు లేత గులాబీ, రెండు ఉంగరపు వేళ్లకు నలుపు. మూడో రోజుకు గులాబీ రంగు చెక్కుచెదరలేదు గానీ, నల్ల రంగు ఒక గోటి అంచున పెచ్చులా లేచింది. ఆ పెచ్చును పట్టకారుతో ఊడదీసి తెల్ల కాగితం మీద పెట్టి చూశాను. పైవైపు గాజుపలకలా నున్నగా, గట్టిగా ఉంది. కిందివైపు మాత్రం కాగితానికి అంటుకుని, కదిపినప్పుడల్లా నల్లటి చార వదిలింది. "అత్తా, లైటు ఒకటే, అరవై సెకన్లూ ఒకటే, మరి నలుపు ఒక్కటే ఎందుకు ఆరలేదు?" అని అడిగింది.

ముందుగా ఆ "ఆరలేదు" అన్న మాటను సరిచేసుకోవాలి. మామూలు గోళ్ల రంగు నిజంగానే ఆరుతుంది: అందులోని ఇథైల్ ఎసిటేట్, బ్యూటైల్ ఎసిటేట్ వంటి ద్రావణులు గాలిలోకి ఆవిరైపోతే, వాటిలో కరిగి ఉన్న నైట్రోసెల్యులోజ్ పొరగా మిగులుతుంది. ఎండలో వడియాలు ఆరడం లాంటిదే అది. జెల్ విషయంలో బయటికి పోయేది దాదాపు ఏమీ లేదు. ఉన్న ద్రవమే ఉన్నచోట ఘనమవుతుంది. మన వంటింట్లో దీనికి సరిపోలే సంగతి పాలు తోడుకోవడం. రాత్రి గిన్నెలో ఉన్న పాలే తెల్లవారేసరికి గడ్డ పెరుగవుతాయి, గిన్నెలోంచి ఏదీ తగ్గదు. జెల్ కూడా అలాగే తోడుకుంటుంది. అయితే ఈ పాలలో తోడు ముందే కలిసి నిద్రపోతూ ఉంటుంది, వెలుతురు సోకినచోట మాత్రమే మేలుకుంటుంది. జెల్ సీసాలను లోపలికి కాంతి చొరబడకుండా చేసేది అందుకే. కుంచెను కిటికీ పక్కన ఎండ తగిలేలా వదిలేస్తే వెంట్రుకలు కొయ్యబారేది కూడా అందుకే.

ఆ తోడు పేరు ఫోటో ఇనిషియేటర్, అంటే వెలుతురుతో చర్యను మొదలుపెట్టేది. జెల్‌లో అది నూటికి కొద్ది పాళ్లే ఉంటుంది. మిగిలినదంతా ప్రధానంగా ఒకదానితో ఒకటి గొలుసుగా కలవగల యాక్రిలేట్, మెథాక్రిలేట్ అణువులు, వాటిని కూర్చి చేసిన పొడవాటి యురెథేన్ ఆలిగోమర్లు, రంగుపొడి. ఎక్కువగా వాడుతూ వచ్చిన ఇనిషియేటర్ టీపీఓ అనే ఫాస్ఫీన్ ఆక్సైడ్. 365 లేక 405 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న (అతినీల, ఊదా) కాంతి కణాన్ని అది మింగితే, ఒక నానోసెకను కూడా పట్టకుండానే, అందులో ఫాస్ఫరస్‌కూ పక్కనున్న కార్బొనిల్ కార్బన్‌కూ మధ్య బంధం తెగి, అణువు రెండు రాడికళ్లుగా విడిపోతుంది. ఒక్కో రాడికల్ దగ్గర జత దొరకని ఒక ఎలక్ట్రాన్ ఉంటుంది. అది పక్కనున్న యాక్రిలేట్ ద్విబంధాన్ని తెరిచి దానికి అతుక్కుంటుంది. జత లేని ఎలక్ట్రాన్ ఇప్పుడు కొత్త చివరకు చేరుతుంది. ఆ చివర మరో ద్విబంధాన్ని పట్టుకుంటుంది. గొలుసు ఇలా పెరుగుతుంది. రెండు చివర్లా ద్విబంధాలున్న అణువులు గొలుసుకూ గొలుసుకూ మధ్య వంతెనలవడంతో, క్షణాల్లో మొత్తం పొర ఒకే వల అవుతుంది.

ఇంటర్ రెండో సంవత్సరంలో పాలిమర్ల పాఠం చదివినవారికి బెంజాయిల్ పెరాక్సైడ్ అనే ఇనిషియేటర్ గుర్తుండవచ్చు. అక్కడ వేడిమి చేసే పనిని ఇక్కడ వెలుతురు చేస్తుంది. టీపీఓ విడిపోయినప్పుడు పుట్టే రెండింటిలో ఒకటి బెంజాయిల్ రాడికల్‌కు దగ్గరి చుట్టమే. ఆ పాఠాన్ని మూడు దశల పేర్లుగా బట్టీ పట్టించే బదులు, ఒక చుక్క జెల్‌ను గాజుపలక మీద లైటు కింద పెట్టి చూపిస్తే పిల్లలు జీవితాంతం మరచిపోరని నా నమ్మకం.

ఇక నలుపు సంగతి. మనం డబ్బిచ్చి కొనుక్కున్న రంగే ఇక్కడ కాంతికి అడ్డుగోడ. ఉదాహరణకు ఒక ముదురు రంగు జెల్‌లో ప్రతి 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందానికీ కాంతి సగానికి తగ్గుతుందనుకుందాం. 40 మైక్రాన్ల లోతులో నాలుగో వంతు, 60 దగ్గర ఎనిమిదో వంతు, 80 మైక్రాన్ల అడుగున పదహారో వంతు మాత్రమే మిగులుతుంది. పెరిగే గొలుసులు సాధారణంగా రెండేసి ఎదురుపడి ఒకదానినొకటి ముగించుకుంటాయి కాబట్టి, చర్య వేగం కాంతి తీవ్రతతో సమానంగా కాక, దాని వర్గమూలం ప్రకారం మారుతుంది. అంటే పదహారో వంతు కాంతిలో వేగం నాలుగో వంతు. అదే జెల్‌ను 40 మైక్రాన్ల చొప్పున రెండు పూతలుగా వేసి, ఒక్కో పూతను విడిగా లైటు కింద పెడితే, అడుగున వేగం సగం దగ్గరే ఆగుతుంది. "పల్చగా వేయాలి" అని పార్లర్లలో చెప్పే మాట వెనుక ఉన్నది ఈ లెక్కే. నీలికాంతితో పంటి పూరకాన్ని గట్టిపరిచే దంతవైద్యులు కూడా ఇదే కారణంతో దాన్ని సుమారు రెండు మిల్లీమీటర్ల పొరలుగా నింపుతారు.

దీనిలో నన్ను అన్నిటికన్నా ముగ్ధురాలిని చేసే విషయం మరొకటి ఉంది. టీపీఓ లేత పసుపు రంగులో ఉంటుంది, ఎందుకంటే ఊదా అంచున కాంతిని పీల్చుకుంటుంది. కానీ అణువు తెగిన మరుక్షణం ఆ పీల్చుకునే గుణం పోతుంది. అంటే పైపొరలోని తోడు తన పని ముగించుకోగానే పారదర్శకమై, తన వెనుక ఉన్నవారికి దారి వదులుతుంది. కాంతి మెట్టు మెట్టుగా లోతుకు దిగుతుంది. పాలల్లో తోడుతో పాటు చేరిన సూక్ష్మజీవులు వృద్ధి చెందుతూ గిన్నెంతా నిండుతాయి. ఇక్కడ మాత్రం తోడు ఖర్చయిపోతూ, ఆ ఖర్చు కావడం వల్లనే అడుగుదాకా తోడుకునేలా చేస్తుంది. లేత గులాబీ గట్టిపడిన రహస్యం ఇందులోనే ఉంది. నల్లటి కార్బన్ పొడికి ఈ త్యాగగుణం లేదు. అది మొదటి సెకనులో ఎంత కాంతిని మింగిందో అరవయ్యో సెకనులోనూ అంతే మింగుతుంది.

తెలుపు కూడా అనుకున్నంత సులువు కాదు. తెల్లదనాన్నిచ్చే టైటానియం డయాక్సైడ్ సుమారు 400 నానోమీటర్లకు దిగువన కాంతిని బలంగా పీల్చుకుంటుంది, ఆ పైన చెదరగొడుతుంది. అందుకే 365 ప్రాంతంలో వెలిగే పాత ట్యూబు దీపాల కన్నా 405 కూడా ఉన్న ఎల్‌ఈడీ దీపాలు తెలుపుకు మేలు. నలుపును మందంగా వేసినప్పుడు ఇంకో చిక్కు వస్తుంది: పైన గట్టి పొర ఏర్పడి, కింద ద్రవం మిగిలితే, గట్టిపడేటప్పుడు సహజంగా కుంచించుకునే ఆ పైపొర కాచిన పాల మీది మీగడలా ముడతలు పడుతుంది.

లైటు కింది నుంచి తీశాక రంగు పైన మిగిలే పల్చటి జిగురు కథ వేరు, దానికి నేరస్థురాలు గాలిలోని ఆక్సిజన్. రాడికల్ ఎదురైతే ఆక్సిజన్ యాక్రిలేట్ కన్నా వేల రెట్లు వేగంగా దాన్ని పట్టుకుని, గొలుసును సాగనివ్వని పెరాక్సీ రాడికల్‌గా మారుస్తుంది. లోపలి ఆక్సిజన్ త్వరగా ఖర్చయిపోతుంది గానీ, ఉపరితలానికి గాలి నుంచి కొత్తది వస్తూనే ఉంటుంది. ఆ జిగురును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేస్తారు. లైటు కింద గోరు చురుక్కుమనడానికి కూడా కారణం ఎక్కువగా దీపం కాదు: తెరుచుకునే ప్రతి ద్విబంధమూ వేడిని విడుదల చేస్తుంది, యాక్రిలేట్లలో మోలుకు దాదాపు 80 కిలోజౌళ్లు.

గోరింటాకుతో పోల్చి చూస్తే తేడా ముచ్చటగా ఉంటుంది. ఆకులోని లాసోన్ అనే రంగుపదార్థం గోటిలోని కెరాటిన్ అనే ప్రోటీన్‌లోకే దిగి దానితో బంధం కట్టుకుంటుంది, జెల్ గోటి మీద కొత్త పలక పరుస్తుంది. గోరింటాకు ఎర్రగా పండితే మంచి మొగుడు వస్తాడని ఆడపిల్లలకు చెప్పడం ఇకనైనా మానాలి. అది ఎర్రగా పండేది ఆకు తాజాదనాన్ని బట్టి, ఎంతసేపు ఉంచామన్నదాన్ని బట్టి.

టీపీఓ మీద ఈమధ్య వచ్చిన వార్త నిజమే. జంతువులపై జరిపిన పరీక్షల ఆధారంగా దాన్ని సంతానోత్పత్తికి హాని చేయగల పదార్థంగా వర్గీకరించి, యూరోపియన్ యూనియన్ 2025 సెప్టెంబర్ 1 నుంచి సౌందర్య సాధనాల్లో నిషేధించింది. అయితే వాడేవారికి రోజువారీగా ఎదురయ్యే చిక్కు సగం తోడుకున్న జెల్. వలలో చేరకుండా మిగిలిన హేమా (HEMA) వంటి చిన్న మెథాక్రిలేట్ అణువులు చర్మంలోకి చొరబడి అలర్జీ పుట్టించగలవు. ఒకసారి వస్తే అది సాధారణంగా పోదు. పంటి పూరకాల్లోనూ ఇదే కుటుంబం అణువులు ఉంటాయి కాబట్టి, గోళ్ల దగ్గర మొదలైన ఇబ్బంది ఎన్నో ఏళ్ల తరువాత దంతవైద్యుడి కుర్చీలో తిరిగి ఎదురుకావచ్చు.

ఇదంతా చెబుతుండగా మా మేనకోడలు కాగితం మీది నల్లటి చారను చూపుడువేలితో రుద్దబోయింది. చెయ్యి పట్టి ఆపి, పెచ్చుతో సహా ఆ కాగితాన్ని మడిచి ఎండలో పెట్టాను.