వరిలో కలుపు: అపోహలు - వాస్తవాలు

అపోహ: కలుపున్న మడికి ఇంకో అర బస్తా యూరియా పడితే రెంటికీ సరిపోతుంది.

వాస్తవం: ఆ అర బస్తాలో పెద్ద వాటా ఊదకే, అంటే వరిని పోలి ఉండే గడ్డి కలుపుకే. ఎండతో ఆహారం తయారుచేసుకునే తీరులో వరి సీ3 రకం మొక్క, ఊద సీ4 రకం. ఎండ ముదిరేకొద్దీ ఊదదే పైచేయి. అది తక్కువ నీటితో, తక్కువ నత్రజనితో ఎక్కువ ఆకు వేసుకుంటుంది. యూరియా తగిలిందా, వరిని దాటి లేచి నీడ కమ్మేస్తుంది. నీడలో వరి పిలకలు (మొదట్లోంచి వచ్చే పక్క కొమ్మలు) సరిగా వేయదు. పిలకల దశ దాటాక ఏం చల్లినా పోయిన పిలకలు రావు. కాబట్టి ముందు కలుపు తీత, ఆ తర్వాతే పైపాటు ఎరువు. చాలా మడుల్లో ఇది తలకిందులుగా జరుగుతోంది.

అపోహ: కాస్త పెరిగాక పీకితే చేతికి బాగా దొరుకుతుంది.

వాస్తవం: దొరుకుతుంది, నష్టం జరిగిపోయాక. నాటిన వరిలో 20 నుంచి 45 రోజుల మధ్య మడి శుభ్రంగా ఉండాలి. వెదజల్లిన వరిలో 15వ రోజు నుంచే జాగ్రత్త పడాలి, అక్కడ వరీ కలుపూ ఒకే ఈడువి.

అపోహ: వెన్ను (కంకి) తీస్తే గానీ ఊదను గుర్తుపట్టలేం.

వాస్తవం: ఆకును కాండం దగ్గర విప్పి చూడండి. వరికి అక్కడ తెల్లటి పలుచని పొర, చిన్న చెవుల్లాంటి కొక్కేలు ఉంటాయి. ఊదకు ఆ రెండూ ఉండవు. నారుమడిలోనే ఏరకపోతే నారుతో పాటు దాన్నీ మనమే నాటుతాం.

అపోహ: నీరు నిలిపితే కలుపు రాదు.

వాస్తవం: సగం నిజం. నీటి కింద గాలి అందక చాలా గింజలు మొలవవు. కానీ దమ్ములో (నీరు పెట్టి బురదగా దున్నేటప్పుడు) చదును కుదరకపోతే మిట్టలు తేలి, అక్కడే గుంపులుగా లేస్తుంది. లేచిన ఊదను నీళ్లు చంపవు.

అపోహ: కలుపు మందు ఎప్పుడు కొట్టినా ఒకటే.

వాస్తవం: ప్రెటిలాక్లోర్ 50% నాటిన 3-5 రోజుల్లోనే వేయాలి. ఎకరాకు 500 మి.లీ., 20-25 కిలోల పొడి ఇసుకలో కలిపి, పలుచగా నీరున్న మడిలో చల్లాలి. బాగా మొలిచిన కలుపుకు ఇది పనిచేయదు. అప్పుడు బిస్పైరిబాక్ సోడియం 10% ఎకరాకు 100 మి.లీ., 200 లీటర్ల నీటిలో కలిపి, కలుపు 2-4 ఆకులప్పుడు పిచికారీ చేయాలి. ముందు మడిలో నీరు తీసేయాలి, మునిగిన ఆకుకు మందు తగలదు. రెండు రోజులకు మళ్లీ నీరు పెట్టాలి.