కార్బరేటర్‌కు మార్చిన ఇంజన్‌కు ఏ పంపు? అపోహలు - వాస్తవాలు

ఎండలు ముదిరాయంటే అనంతపురంలోని మా షెడ్డుకు ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ చిమ్మే) ఇంజన్‌కు కార్బరేటర్ (పెట్రోల్‌ను గాలితో కలిపి ఇచ్చే పాత పద్ధతి భాగం) వేయించుకున్న జిప్సీలు, జీపులు వరుసగా వస్తాయి. ఈసీయూ (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్) దొరకక కొందరు, ఎలుకలు వైరింగ్ కొరికేసి కొందరు, తోటలో ఆగిపోయినా స్క్రూడ్రైవర్‌తో సర్దుకోవచ్చని ఇంకొందరు మార్పించుకుంటారు. కార్బరేటర్‌ను వెతికి వెతికి మంచిదే తెస్తారు. ట్యాంకు నుంచి దానికి పెట్రోల్ తోసే పంపు గురించి మాత్రం ఎవరేం చెబితే అది నమ్మేస్తారు.

అపోహ: ట్యాంకులో పంపు బాగానే ఉంది కదా, దాన్నే కార్బరేటర్‌కు కలిపేస్తే చాలు.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. కారు టైరులో మనం కొట్టించే గాలి 30 పీఎస్ఐ దగ్గర ఉంటుంది. ఎంపీఎఫ్ఐ పంపు ఇంజెక్టర్లకు ఇచ్చేది అంతకంటే ఎక్కువ, మామూలుగా 36 నుంచి 43. కార్బరేటర్‌లో పెట్రోల్‌ను ఆపే నీడిల్ వాల్వ్ తట్టుకునేది చాలా వాటిలో 3, 4 పీఎస్ఐ మాత్రమే. అంత తోపుడు ముందు ఆ చిన్న సూది నిలవదు. ఫ్లోట్ (పెట్రోల్ మీద తేలుతూ ఆ సూదిని కదిపే బుడ్డి) మునిగిపోతుంది, పెట్రోల్ పొంగి ఇన్‌టేక్‌లోకి దిగుతుంది.

గుత్తి వైపు నుంచి ఒక జిప్సీ వచ్చింది. "ఆయిల్ తగ్గట్లేదన్నా, పెరుగుతాంది" అన్నాడు ఓనరు. డిప్‌స్టిక్ తీసి వాసన చూస్తే అచ్చం పెట్రోల్. సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసుకుంటూ పెట్రోల్ కింద సంపులోకి (ఇంజన్ ఆయిల్ ఉండే తొట్టిలోకి) దిగింది. ఇంకొన్నాళ్లు అలాగే నడిపితే బేరింగులు పోయేవి. వేడి సైలెన్సర్ మీద పడి ఉంటే బండే కాలిపోయేది.

ట్యాంకు పంపునే ఉంచుకోవాలంటే దారి ఉంది. కార్బరేటర్ల కోసం చేసిన బైపాస్ రకం రెగ్యులేటర్ (ప్రెషర్ తగ్గించే భాగం) పెట్టి, మిగిలిన పెట్రోల్ ట్యాంకుకు తిరిగి వెళ్లేలా రిటర్న్ లైన్ వేయాలి. ఎంపీఎఫ్ఐ రెగ్యులేటర్ 3 పీఎస్ఐ దాకా దిగదు. రిటర్న్ లేని రెగ్యులేటర్ పెడితే పంపు రోజంతా మూసిన తలుపును తోస్తున్నట్టే. వేడెక్కి కాలిపోతుంది.

అపోహ: ప్రెషర్ పెంచితే పికప్ పెరుగుతుంది.

పెరగదు. పంపు పని ఫ్లోట్ గిన్నెను నింపడం వరకే. అక్కడి నుంచి పెట్రోల్‌ను లాక్కునేది ఇంజన్ పీల్చే గాలి. ఎంత వెళ్లాలో జెట్ (పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రం) సైజు చెబుతుంది.

కావలసినంత పెట్రోల్ అందుతోందా అన్నదే చూడాలి. 60 హార్స్‌పవర్ ఇంజన్‌ను పూర్తిగా తొక్కి నడిపినా గంటకు దాదాపు 18 లీటర్లు తాగుతుంది, అంటే నిమిషానికి 300 మిల్లీలీటర్లు. దీనికి పెద్ద పంపు అక్కర్లేదు.

అపోహ: మెకానికల్ పంపు పాతకాలపు సరుకు, ఎలక్ట్రిక్ వేయడమే మేలు.

మన దగ్గర ఏసీ పంపు అనే ఈ పంపుకే నా మొదటి ఓటు. క్యామ్‌షాఫ్ట్ తిరిగితేనే అది కొడుతుంది. ఇంజన్ ఆగితే పెట్రోల్ కూడా ఆగుతుంది. వైరు, ఫ్యూజు, రిలే ఏమీ ఉండవు. కానీ చాలా ఎంపీఎఫ్ఐ హెడ్‌లకు పంపు బిగించే చోటే ఉండదు. చోటున్నా, పంపు చేతిని కదిపే ఎక్సెంట్రిక్ (పక్కకు జరిగిన గుండ్రటి దిమ్మ) క్యామ్‌షాఫ్ట్ మీద ఉందో లేదో చూశాకే పంపు కొనండి. డయాఫ్రం (పంపు లోపలి పలుచటి రబ్బరు పొర) చిరిగితే పంపు పక్కన చిన్న రంధ్రంలోంచి పెట్రోల్ కారుతుంది, కొన్నిసార్లు ఆయిల్‌లోకీ దిగుతుంది. ఆ రంధ్రాన్ని ఎంసీల్‌తో మూసినవాళ్లను చూశాను. దయచేసి ఆ పని చేయకండి.

అపోహ: ఎలక్ట్రిక్ పంపు ఎక్కడ బిగించినా ఒకటే.

పంపుకు నెట్టడం బాగా వచ్చు, లాగడం అంతగా రాదు. బానెట్ కింద బిగిస్తే ట్యాంకు నుంచి లైనంతా లాగాలి. లాగేటప్పుడు లైన్‌లో ప్రెషర్ పడిపోతుంది, పెట్రోల్ ఇంకా తొందరగా ఆవిరవుతుంది. పెట్రోల్‌లోని తేలిక భాగాలు 40 డిగ్రీల లోపే మరగడం మొదలుపెడతాయి, మన ఎండలు ఆ 40 దాటుతాయి. మనవాళ్లు ఎయిర్ లాక్ అనేది నిజానికి ఈ ఆవిరినే. పెనుకొండ ఎక్కుడులో ఆగి పంపు మీద తడిగుడ్డ వేస్తే బండి కదులుతుంది, మళ్లీ కాసేపటికి ఆగుతుంది.

పంపును ట్యాంకు పక్కనే, ట్యాంకు అడుగు కంటే కిందగా, సైలెన్సర్‌కు దూరంగా పెట్టండి. పంపుకు ముందు జల్లెడ లాంటి ఫిల్టరు, తర్వాత సన్నటి ఫిల్టరు ఉండాలి. కార్బరేటర్ దగ్గర సన్నటి రంధ్రంతో రిటర్న్ ఇస్తే పెట్రోల్ తిరుగుతూ చల్లగా ఉంటుంది. ఈ ఊరి ఎండకు రిటర్న్ లేని లైన్ నేను వేయను.

అపోహ: ఇగ్నిషన్ వైరు నుంచి కరెంటు ఇస్తే పని అయిపోయినట్టే.

ఎంపీఎఫ్ఐ బండిలో ఇంజన్ ఆగగానే ఈసీయూ పంపును ఆపేస్తుంది. ఈసీయూను తీసేశాక ఆ కాపలా మనమే పెట్టాలి. బండి గుద్దుకుని లైన్ తెగినప్పుడు తాళం ఆన్‌లోనే ఉంటే పంపు పెట్రోల్ కక్కుతూనే ఉంటుంది. లోపల మనుషులుంటారు. అందుకే రిలే, ఫ్యూజుతో పాటు ఆయిల్ ప్రెషర్ స్విచ్ ద్వారా కరెంటు ఇవ్వాలి; ఇంజన్ ఆగితే ఆయిల్ ప్రెషర్ పోయి పంపూ ఆగుతుంది. స్టార్టర్ తిరిగేటప్పుడు మాత్రం, ఆ ప్రెషర్ ఇంకా రాదు కాబట్టి, కరెంటు స్టార్టర్ లైన్ నుంచి రావాలి. బండికున్న ఆయిల్ లైటు స్విచ్ దీనికి పనికిరాదు. అది ప్రెషర్ లేనప్పుడు కలుస్తుంది, మనకు కావలసింది ప్రెషర్ ఉన్నప్పుడు కలిసేది. గుద్దుకుంటే కరెంటు తెంచే ఇనర్షియా స్విచ్ కూడా పెట్టిస్తే ఇంకా మంచిది.

ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్. పాత రబ్బరు హోసులు, పాత డయాఫ్రంలు దానికి ఉబ్బి పగులుతాయి. ఇథనాల్‌ను తట్టుకునే హోసు, మంచి క్లాంపులు వేయించండి.

రోడ్డు మీద తిరిగే బండికి ఇంకో చిక్కుంది. కంపెనీ ఇచ్చిన ఇంజన్ అమరికను మారిస్తే 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది. నేను బండి పట్టే ముందే ఆర్టీఓ ఆఫీసులో అడిగి రమ్మంటాను.

బిగించాక రెండు పరీక్షలు చేయకుండా బండి ఇవ్వను. కార్బరేటర్ ముందు లైన్‌లో టీ (మూడు దారుల గొట్టం) పెట్టి, ఐడిల్‌లో గేజ్ చూస్తాను. 4 పీఎస్ఐ దాటితే ఒప్పుకోను. తర్వాత కాయిల్ వైరు తీసి, లైన్ చివర లీటరు సీసాలో పెట్టి పంపును నిమిషం పాటు తిప్పుతాను. 60 హార్స్‌పవర్ ఇంజన్‌కైతే కనీసం సగం సీసా నిండాలి. ఇది ఆరుబయటే చేయాలి, పక్కన బీడీ కాల్చేవాళ్లను దూరంగా పంపాలి.