థర్టీ ఫార్టీ సైటంత నీలం చుక్క

ఆదివారం పొద్దున ఏడింటికి బెంగళూరు లాల్‌బాగ్‌లో వాకింగ్‌కి వచ్చిన పెద్దవాళ్ళు నన్నూ మా మేనల్లుణ్ణీ అనుమానంగా చూశారంటే వాళ్ళ తప్పేమీ లేదు. ఇద్దరం చేతిలో ఫోన్లు పట్టుకుని ఒకే మామిడి చెట్టు చుట్టూ పదోసారి తిరుగుతున్నాం. నేను చెట్టు వేళ్ళ సందుల్లో ఎండాకులు తీసి తడుముతున్నాను. వాడు తొర్రలోకి టార్చి కొట్టి చూస్తున్నాడు.

"మామా, మూడు మీటర్లే అంటోంది" అన్నాడు. రెండడుగులు వేశాడు. "ఇప్పుడు పద్నాలుగంటోంది!"

మేం ఆడుతున్నది జియోక్యాషింగ్. ఒకరు ఒక చిన్న డబ్బాను ఎక్కడో దాచి, ఆ చోటి అక్షాంశ రేఖాంశాలు చెబుతారు. మిగతావాళ్ళు జీపీఎస్ సాయంతో వెతికి, అందులోని చీటీ మీద పేరు రాసి, డబ్బాను మళ్ళీ ఉన్నచోటే పెట్టేస్తారు. ఈసారి దాచింది మా ఆఫీసులో పనిచేసే మదనపల్లి మిత్రుడు. శనివారం మధ్యాహ్నం రెండున్నరకు వచ్చి, ఒక మాత్రల డబ్బా పెట్టి, ఫోన్లో కనిపించిన అంకెలు నాకు మెసేజ్ చేసి వెళ్ళిపోయాడు. ఆ టైము గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఈ ఆట పుట్టుకలోనే జీపీఎస్ తప్పుల కథ ఉంది. 2000 మే వరకూ అమెరికా ప్రభుత్వం పౌరులకిచ్చే జీపీఎస్ సిగ్నల్‌ను కావాలనే చెడగొట్టేది. సైన్యానికి మంచి సిగ్నల్, మనకు కల్తీది. దాంతో వంద మీటర్ల దాకా తేడా వచ్చేది. వంద మీటర్ల వ్యాసార్థంతో వలయం గీస్తే ఏడున్నర ఎకరాలు పైనే. అంత పొలంలో మాత్రల డబ్బా ఎవరు వెతుకుతారు? ఆ కల్తీ ఆపేస్తున్నామని మే 1న అధ్యక్షుడు క్లింటన్ ప్రకటించాడు. మే 3న ఆరెగాన్ రాష్ట్రంలో డేవ్ అల్మర్ అనే ఆయన ఒక నల్ల ప్లాస్టిక్ బకెట్‌లో పుస్తకాలూ, ఒక బీన్స్ డబ్బా, ఇంకేవో వస్తువులూ పెట్టి, దాన్ని సగం పాతిపెట్టి, అంకెలు లోకానికి చెప్పాడు. ఆట మొదలైంది.

కల్తీ పోయింది సరే, మరి మా చెట్టు దగ్గర ఈ పదకొండు మీటర్ల తిక్క ఎక్కడిది?

మెరుపు చూసి, ఉరుము వినపడేదాకా ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పడం చిన్నప్పుడు మనందరం చేసిందే. జీపీఎస్ చేసేదీ అదే పని. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం "నేను ఫలానా చోట ఉన్నాను, నా గడియారంలో టైమిది" అని రేడియోలో పలుకుతూ ఉంటుంది. ఆ పలుకు మన దాకా రావడానికి సెకనులో పదిహేనో వంతు పడుతుంది. ఎంతసేపు పట్టిందో తెలిస్తే దూరం తెలిసినట్టే. మూడు ఉపగ్రహాల దూరాలు తెలిస్తే మన చోటు తెలియాలి. కానీ ఫోన్లో ఉండేది చవక క్వార్ట్జ్ గడియారం, దాని మాట నమ్మలేం. అందుకే నాలుగో ఉపగ్రహం కావాలి. అది ఫోన్ గడియారం ఎంత తప్పిందో లెక్క తేలుస్తుంది.

కాంతి సెకనులో వందకోట్లవ వంతులో 30 సెంటీమీటర్లు పోతుంది. అంటే సెకనులో పదిలక్షలవ వంతు తేడా పడితే 300 మీటర్లు గల్లంతు. ఉపగ్రహాల్లోని అణు గడియారాలు ఐన్‌స్టీన్ చెప్పినట్టే భూమ్మీది వాటికన్నా రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. పట్టించుకోకపోతే రోజుకు పదకొండు కిలోమీటర్ల తప్పు పేరుకుంటుంది. కానీ ఆ లెక్క పంపేముందే సరిచేసి పంపుతారు. కాబట్టి మా కేసులో ఐన్‌స్టీన్ నిర్దోషి.

అనుమానించాల్సింది దారిలో ఉన్నవాటిని. అందులో మొదటిది ఆకాశం, బెంగళూరులో మరీనూ. దాదాపు 60 నుంచి 1000 కిలోమీటర్ల ఎత్తు వరకూ సూర్యుడి అతినీలలోహిత కిరణాలు గాలి అణువుల నుంచి ఎలక్ట్రాన్లను ఊడగొడతాయి. ఆ ఎలక్ట్రాన్ల గుంపులోంచి వచ్చేటప్పుడు సిగ్నల్ ఆలస్యమవుతుంది. జాతర జనంలోంచి నడిచినట్టన్నమాట. ఆలస్యాన్ని ఫోన్ దూరం అనుకుంటుంది. సూర్యుడి పని కాబట్టి రాత్రి తక్కువ, పగలు ఎక్కువ. మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో మరీ ఎక్కువ. మన మిత్రుడు అంకెలు రాసుకున్నది సరిగ్గా అప్పుడే.

భూ అయస్కాంత మధ్యరేఖ మన దేశంలో తిరునెల్వేలి దగ్గరగా పోతుంది. ఆ రేఖ మీద పగటిపూట ఎలక్ట్రాన్లు పైకి లేచి, ఫౌంటెన్ నీళ్ళలా ఉత్తరానికీ దక్షిణానికీ జారి, రేఖకు రెండు వైపులా పదిహేను డిగ్రీల దగ్గర కుప్పపడతాయి. బెంగళూరు ఉన్నది ఆ ఫౌంటెన్‌కీ కుప్పకీ మధ్యలో. లండన్ వాడికి లేని తలనొప్పి ఇది. ఎలక్ట్రాన్ల ఆలస్యం ఎంతో అంచనా వేసే సూత్రాన్ని జీపీఎస్ ఉపగ్రహాలే పంపుతాయి కానీ, అది సుమారుగా సగం తప్పునే తగ్గించగలదు. విమానాలకు ఇంత ఉజ్జాయింపు కుదరదు. అందుకే ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి గగన్ అనే వ్యవస్థ కట్టాయి. దేశమంతటా ఉన్న స్టేషన్ల కొలతలు ఒకచోట చేరి, సవరణలుగా మారి, మళ్ళీ ఉపగ్రహాల ద్వారా విమానాలకు చేరతాయి. ఆ కొలతలు చేరే చోటు బెంగళూరులోనే, కుందలహళ్ళిలో ఉంది. మారతహళ్ళి ఆంధ్రా మెస్సులో పప్పన్నం తిని, క్యాబ్ ఎక్కడుందో తెలీక రోడ్డు మీద తిట్టుకునేవాళ్ళకి, దేశంలోని విమానాల దారిని సరిచేసే గదులు పక్కనే ఉన్నాయని తెలిస్తే తమాషాగా ఉంటుంది.

క్యాబ్ విషయంలో తప్పు ఆకాశానిది కాదులెండి, అద్దాలది. ఔటర్ రింగ్ రోడ్డు పొడుగునా అద్దాల ఆఫీసులు. ఉపగ్రహానికీ మనకీ మధ్య ఒక భవనం అడ్డం వస్తే నేరుగా రావాల్సిన సిగ్నల్ ఆగిపోతుంది, ఎదురు భవనం అద్దానికి తగిలి తిరిగొచ్చింది మాత్రం అందుతుంది. అది నలభై మీటర్లు ఎక్కువ తిరిగొస్తే, ఆ ఉపగ్రహం నలభై మీటర్లు దూరం జరిగిందని ఫోన్ నమ్ముతుంది. డ్రైవరు "ఎల్లిద్దీరా సార్?" (ఎక్కడున్నారు?) అని కన్నడంలో అడుగుతుంటాడు. ఆయన మ్యాపులో మనం రోడ్డుకి అవతల ఉంటాం.

మా మామిడి చెట్టు దగ్గర అద్దాల్లేవు, చెట్లున్నాయి. ఉపగ్రహం సిగ్నల్ మన దాకా వచ్చేసరికి ఎంత నీరసపడుతుందంటే, ఒక వాట్‌లో నూరు కోట్ల కోట్ల వంతు మిగులుతుంది. దాని తరంగం పొడవు 19 సెంటీమీటర్లు. నీళ్ళున్న ఆకులూ కొమ్మలూ దాన్ని కొంత మింగేస్తాయి, కొంత చెదరగొడతాయి. మన ఒళ్ళూ నీళ్ళ సంచే కాబట్టి, ఫోన్‌ను పొట్టకు ఆనించి పట్టుకుంటే వెనకవైపు ఆకాశానికి మనమే అడ్డం. దట్టమైన చెట్టు కింద మిగిలేవి ఏ సందులోంచో కనిపించే కొన్ని ఉపగ్రహాలు. అవన్నీ ఒకే వైపు గుంపుగా ఉంటే మరీ కష్టం. కొలతలో చిన్న తప్పున్నా చోటు చాలా దూరం జరుగుతుంది.

బాణం గుర్తు కూడా నమ్మదగింది కాదు. నడుస్తున్నప్పుడు జీపీఎస్ మన దిశను బాగానే పట్టుకుంటుంది. నిలబడితే అది కుదరదు, అప్పుడు ఫోన్ లోపలి దిక్సూచి మీద ఆధారపడాలి. మా వాడి ఫోన్ కవరుకు అయస్కాంతం క్లిప్పుంది. వాడి బాణం ఎంతసేపూ చెరువు వైపే చూపించిందంటే ఆశ్చర్యమేముంది?

అసలు నీలం చుక్కను చుక్క అనడమే తప్పు. ఆండ్రాయిడ్ ఫోన్ "5 మీటర్ల ఖచ్చితత్వం" అంటే దాని అర్థం, మీరు ఆ వలయంలో ఉండే అవకాశం నూటికి 68 అని. మూడింట ఒకసారి బయటే ఉంటారు. పైగా జియోక్యాషింగ్‌లో తప్పులు రెండు: దాచినవాడిది, వెతికేవాడిది. ఇద్దరికీ అయిదేసి మీటర్లయితే మొత్తం పది కాదు, సుమారు ఏడు. ఎందుకంటే రెండు తప్పులూ ప్రతిసారీ ఒకే వైపు లాగవు. ఏడు మీటర్ల వలయం అంటే 1650 చదరపు అడుగులు. బెంగళూరు భాషలో చెప్పాలంటే థర్టీ ఫార్టీ సైటు, అంటే ముప్పై అడుగులకు నలభై అడుగుల ఇంటి స్థలం కన్నా పెద్దది. అంత జాగాలో అగ్గిపెట్టంత డబ్బా. అయినా అంకెలు మాత్రం నిమిషంలో వెయ్యో వంతు దాకా రాస్తాం. ఆ చివరి అంకె విలువ సుమారు 1.8 మీటర్లు. కొలిచిన దానికన్నా సన్నంగా రాయడం మన బలహీనత.

విసుగొచ్చి ఇద్దరం గుట్టెక్కాం. కెంపేగౌడ గోపురం ఉన్న ఆ బండ సుమారు 300 కోట్ల ఏళ్ళ నాటిది. పైన ఆకాశానికి అడ్డమేమీ లేదు. ఫోన్ బండ మీద పెట్టి పది నిమిషాలు చూశాం. చుక్క దాదాపు కదల్లేదు. పొద్దున్నే కాబట్టి ఎలక్ట్రాన్ల జాతర కూడా ఇంకా మొదలవలేదు. అంటే నా ఫోన్ మీద నేరం మోపలేం.

మిత్రుడికి ఫోన్ చేశాను. "ఎక్కడ నిలబడి తీసుకున్నావు? ఎంతసేపు?"

"చెట్టు కిందేరా. తెరిచాను, అంకెలొచ్చాయి, కొట్టేశాను. ఎండగా ఉండింది."

"గుర్తేమైనా చెప్పు."

"రాతి బెంచీ. ఎడం కాలు వెనక."

బెంచీ మామిడి చెట్టుకి పడమరగా ఉంది. డబ్బా అక్కడే ఉంది. మా వాడు చీటీ మీద పేరు రాసి, టైము పదిన్నర అని కూడా రాశాడు, కోపంగా.

డబ్బా దాచేవాడు అక్కడే నిలబడి అయిదు నిమిషాల సగటు తీసుకుంటే సరిపోతుందనుకోవడం పొరపాటు. ఆ అయిదు నిమిషాలూ అదే ఆకాశం, అవే ఆకులు కాబట్టి తప్పు కూడా అదే ఉంటుంది. మర్నాడు అదే టైముకి వెళ్ళినా లాభం తక్కువ. ఉపగ్రహాలు రోజుకు నాలుగు నిమిషాల ముందుగా దాదాపు అవే చోట్లకు తిరిగొస్తాయి. వేరే పూట వెళ్ళాలి. నాలుగు వైపుల నుంచీ నడిచొచ్చి తీసుకోవాలి. తర్వాతి శనివారం మిత్రుడు పొద్దున్నోసారి, సాయంత్రమోసారి వెళ్ళాడు. రేఖాంశం చివర 91 పోయి 85 వచ్చింది. ఆ ఆరు విలువ పదకొండు మీటర్లు, మామిడి చెట్టు నుంచి రాతి బెంచీ దాకా.