కొండచీపురు పెరట్లో పెంచడం: అపోహలు - వాస్తవాలు

ఒడిశాలోని రాయగడలో నేను నర్సరీ పెట్టిన కొత్తలో మా నాన్న నవ్వేవాడు, "గడ్డిని డబ్బిచ్చి కొనేవాడెవడురా?" అని. నాగావళి ఒడ్డుకెళ్తే రెల్లు, కొండెక్కితే చీపురు గడ్డి, గట్టు మీద గరిక. ఉన్నది పీకలేక చస్తుంటే కొత్తగా నాటడమేమిటని ఆయన బాధ. ఇప్పుడు పెళ్లి మండపాల్లో ఎండబెట్టిన పాంపస్ కంకులు చూసొచ్చి, ఫోన్‌లో ఫోటో చూపించి "ఇలాంటిది మా గేటు పక్కన కావాలండీ" అనేవాళ్లు వస్తున్నారు. పాంపస్ దక్షిణ అమెరికా గడ్డి. దాని ఆకు అంచు రంపమే, చెయ్యి కోసుకుపోతుంది. అంతకన్నా మెత్తటి కంకి వేసే గడ్డి మన కొండల మీదే ఉంది, దాన్ని కట్టగా కొని ఇల్లు ఊడ్చుకుంటున్నాం అని నేను చెబితే ముందు నమ్మరు. నమ్మాక సందేహాలు మొదలు. ఇన్నేళ్లుగా విన్నవే వింటున్నాను కాబట్టి రాసి పెడుతున్నాను.

ముందు మొక్క సంగతి. కొండచీపురు, ఒడియాలో ఫూలొఝాడు. శాస్త్రీయ నామం థైసనొలీనా లాటిఫోలియా. ఆ ప్రజాతిలో ఉన్న జాతి ఇదొక్కటే. ఆరేడు అడుగుల నుంచి పదడుగుల దాకా పెరుగుతుంది. ఆకు వెదురాకును పెద్దది చేసినట్టు వెడల్పుగా ఉంటుంది. కాడ మాత్రం వెదురులా గుల్ల కాదు, లోపల గట్టిగా నిండి ఉంటుంది. చలికాలం వస్తూనే చివర్ల నుంచి అడుగు, రెండడుగుల కంకులు దిగుతాయి. సంక్రాంతి దాటాక మన సంతల్లోకి వచ్చే చీపురు కట్టలు అవే.

అపోహ: చీపురు మొక్క ఇంట్లో ఉంటే దరిద్రం.

చీపురును కాలితో తొక్కనివ్వని, లక్ష్మి అని దండం పెట్టే ఇళ్లలోనే ఈ మాట వినిపిస్తుంది. దీని గురించి నేను వాదించను. ఒకావిడ అత్తగారికి "టైగర్ గ్రాస్" అని చెప్పి నాటించుకున్నారు. విదేశీ నర్సరీల్లో దాని పేరు నిజంగా అదే, అబద్ధమేమీ ఆడలేదు.

అపోహ: గడ్డే కదా, గింజ చల్లితే మొలుస్తుంది.

నేనూ ఇలాగే అనుకుని ఒక ఏడాది పోగొట్టుకున్నాను. ఎండిన చీపురు దులిపితే రాలే ఆ దుమ్ములోనే గింజలుంటాయి, కంటికి ఆనవు. ట్రేలో చల్లాను. మొలిచాయి కూడా. నూలుపోగుల్లాంటి మొలకలు. పైనుంచి నీళ్లు పోస్తే కొట్టుకుపోయాయి, మిగిలినవాటిని కలుపు మింగేసింది. గింజతో పెంచలేమని కాదు, పెరటికి అంత ఓపిక అక్కర్లేదు అంటున్నాను.

సులువైన పద్ధతి దుబ్బు విడదీయడం. తొలకరి వాన రెండు మూడు పడ్డాక, పాత దుబ్బును గునపంతో ఒక పక్క నుంచి లేపాలి. అల్లం కొమ్ములాంటి దుంప కనిపిస్తుంది. ఒక్కో ముక్కకు రెండు మూడు పిలకలు, కాస్త వేరు ఉండేలా కోయాలి. ఆకును అడుగున్నర ఉంచి పైది కత్తిరించేయాలి. చాలామందికి ఇక్కడే మనసొప్పదు. అంత పచ్చటి ఆకు కోసేయడమా అంటారు. వేరు సగం తెగిన మొక్క అంత ఆకుకు నీరెక్కడి నుంచి తెస్తుంది? కొయ్యకపోతే వారంలో అదే వాడుతుంది. దుబ్బుకూ దుబ్బుకూ అయిదారు అడుగులు వదలండి. నాటిన రోజు ఆ ఖాళీ చూసి "ఇంత దూరమా" అంటారు. మూడో ఏడు వచ్చేసరికి మధ్యలోంచి నడవడానికి చోటుండదు.

పిలకల కోసం అడవికెళ్లి దుబ్బులు తవ్వుకు రావద్దు. కొండ మీద అది ఒకరి బతుకుతెరువు. 1990ల్లో మన జిల్లాలోనే, కాశీపూర్ వైపు ఆదివాసీ ఆడవాళ్లు తాము తెచ్చిన చీపుళ్లు తామే కట్టి అమ్ముకునే హక్కు కోసం పోరాడారు. 2000లో ఒడిశా ప్రభుత్వం కొండచీపురుతో పాటు చాలా అటవీ ఉత్పత్తుల కొనుగోలు వ్యవహారాన్ని గ్రామ పంచాయతీల పరిధిలోకి తెచ్చింది. ఇంత కథ ఉన్న దుబ్బును బైక్ వెనక కట్టుకొచ్చి, నర్సరీలో అమ్ముతావా అని నన్నడిగినవాళ్లు ఉన్నారు. నేను తీసుకోను.

అపోహ: కొండ మీద ఎవరు నీళ్లు పోస్తున్నారు? దీనికీ అక్కర్లేదు.

కొండ మీద వాలు ఉంటుంది, ఆకు రాలి కుళ్లిన మెత్తటి మట్టి ఉంటుంది, చెట్ల నీడ తగులుతుంటుంది. మీ పెరట్లో కంకర, సిమెంటు పెచ్చులు కలిసిన నేల, పక్కన వేడెక్కే గోడ. రెండూ ఒకటెలా అవుతాయి? మొదటి ఏడాది వానలు ఆగాక వారానికి రెండుసార్లు, ఎండాకాలం ఇంకా ఎక్కువగా నీళ్లు పట్టాల్సిందే. రెండో వానాకాలం దాటాక వేరు లోతుకెళ్తుంది, అప్పుడు మీరు ఊరెళ్లినా తట్టుకుంటుంది. నీళ్లు మాత్రం నిలవకూడదు. అందుకే దీన్ని నేలకు బెత్తెడు ఎత్తు చేసిన మడిలో పెట్టిస్తాను. కుండీలో అయితే ఈ లెక్క చెల్లదు. కుండీ ఎంత పెద్దదైనా రెండేళ్లలో వేరు నిండిపోతుంది, మే నెలలో రోజూ పోయాల్సిందే.

నీడ గురించి కూడా అడుగుతారు. సగం నీడలో హాయిగా బతుకుతుంది, ఆకు ఇంకా బాగుంటుంది. కంకులు తగ్గుతాయి. రెండూ కావాలంటే పొద్దుటి ఎండ తగిలే చోటు చూడండి.

అపోహ: యూరియా వేస్తే కంకులు బాగా వస్తాయి.

ఒక రిటైర్డ్ మేష్టారుగారి ఇంట్లో ఆరు దుబ్బులు వేశాను. వరికి వేసినట్టు దీనికీ దోసెడు దోసెడు వేశారాయన. దసరాకి చూస్తే ఆకు నల్లపచ్చగా, ఏనుగు చెవుల్లా ఉంది. ఒక్క గాలివానకి మొత్తం పడకేసింది. కర్రలు పాతి తాళ్లు కట్టాం, చూడటానికి పశువుల దడిలా తయారైంది. ఏడాదికోసారి, వానల ముందు, దుబ్బుకు గంపెడు మాగిన గెత్తం, అంటే పశువుల ఎరువు, చాలు. పచ్చి గెత్తం వద్దు.

అపోహ: కంకిని పట్టి లాగాలి, కాడ ఎండితే మొక్క చచ్చినట్టే.

ఈ రెండూ కలిపి చెప్పాలి, ఎందుకంటే ఈ గడ్డి బాగోగులంతా కోతలోనే ఉంది. మా దగ్గర పనికొచ్చే కోందు ఆదివాసీ అమ్మ మొదటి రోజే నన్ను కేకలేసింది. నేను కంకి పట్టి గుంజుతున్నాను. పిలక వేరుతో సహా ఊడొచ్చింది. "బాబూ, చీపురు కావాలా, దుబ్బు కావాలా?" అంది. కొడవలితో కోయాలి. ఒకసారి కంకి వేసిన కాడ మళ్లీ వేయదు, దాని పని అయిపోయింది. అందుకని కంకులు తీసేశాక ఆ ముసలి కాడల్ని నేలకు నాలుగైదు అంగుళాల ఎత్తులో కోసి పారేయాలి. కొత్తవి కింద నుంచి వస్తాయి. కోయకుండా వదిలేస్తే పాతవి లోపలే ఎండి, గాలి వెలుతురు ఆడక, దుబ్బు నడుమ బోసిపోయి చుట్టూ మాత్రమే పచ్చగా మిగులుతుంది. అలా అయితే నాలుగైదేళ్లకోసారి తవ్వి, విడదీసి, బయటి పిలకల్ని తిరిగి నాటండి.

కోసే బదులు నిప్పు పెడితే సరి అనేవాళ్లకి ఒక్కమాట: కొండ మీద మంట పోయే దారి వేరు, మీ ఇంటి కరెంటు వైరు కింద వేరు.

అపోహ: గడ్డి వేళ్లు గోడను లేపేస్తాయి.

ఇది ఎక్కువగా వట్టివేరు విషయంలో అడుగుతారు. రావి, మర్రి వేరు లావెక్కి గోడను చీలుస్తుంది. గడ్డి వేరు పీచు, లావెక్కదు. వట్టివేరు వేళ్లయితే పక్కకు పోకుండా నిలువునా మనిషి లోతు, ఇంకా కిందకీ దిగుతాయి. 1980ల్లో ప్రపంచ బ్యాంకు మన దేశంలో నేల కోతను ఆపడానికి దీన్ని గట్ల మీద నాటించిందీ అందుకే. వాలు నేల ఉన్నవాళ్లకి కొండచీపురుకు కింద ఒక వరుస వట్టివేరు వేయమని చెబుతాను. గోడకు రెండడుగులు వదిలితే మంచిది. అది పునాది కోసం కాదు, దుబ్బు గుండ్రంగా ఎదగడానికి, మీరు వెనక్కి వెళ్లి కోయడానికి.

అపోహ: రెల్లు మనదే కాబట్టి పెరట్లో వేసుకున్నా పరవాలేదు.

మనదే. దసరా రోజుల్లో నాగావళి ఇసుక మీద తెల్లగా ఊగుతుంటే, ఒడియావాళ్లు కాశతండి అని మురిసిపోతుంటే నాకూ ముచ్చటే. చెరకుకు అది దాయాది కూడా. కోయంబత్తూరులో చెరకుతో రెల్లును కలిపి తీసిన సి.ఓ. 205 రకం 1918లో బయటికొచ్చింది, ఆ మొండితనం రెల్లు ఇచ్చిందే. అదే మొండితనం మీ పెరట్లో ఏం చేస్తుందో ఆలోచించండి. దుంప నేలలోపల పక్కలకు పాకుతుంది, విత్తనం దూదిలా ఎగిరి పక్కింట్లో పడుతుంది. పనామా కాలువ చుట్టుపక్కల అడవి పోయిన చోటల్లా ఇదే ఆక్రమించి కూర్చుంది. మా నర్సరీలో రెల్లు అమ్మను. మరీ ముచ్చటపడితే అడుగున సిమెంటు ఉన్న తొట్టిలో పెట్టుకుని, కంకి దూది విచ్చకముందే కోసేయండి.

అపోహ: గడ్డి పెంచితే పాములొస్తాయి. వట్టివేరు, నిమ్మగడ్డి పెంచితే పాములు, దోమలు రావు.

రెండూ ఒకే నోట విన్నాను. ఎలుకలు, కప్పలు, దాక్కోవడానికి చోటు ఉంటే పాము వస్తుంది. దుబ్బు మొదట్లో ఎండాకు పేరుకోకుండా అడుగు ఎత్తు వరకు శుభ్రంగా ఉంచండి, లోపల ఏముందో కనిపించాలి. కోసేటప్పుడు ముందు కర్రతో కదిపి చూడండి. ఇక నిమ్మగడ్డి మొక్క ఊరికే నిలబడి దోమల్ని తరమదు, వాసన ఆకు నలిపితేనే వస్తుంది. కుండీ కింద పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోస్తే దానికన్నా మేలు.

ఇక పాంపస్ బదులు దీన్ని నాటినవాళ్లకి, కూజాలో పెట్టుకునే కంకుల సంగతి. పూర్తిగా పండేదాకా ఆగకండి, ఆగితే ఇల్లంతా పొట్టు రాలుతుంది. కంకి బాగా విచ్చుకుని, ఇంకా పచ్చదనం ఉండగానే పొద్దున్నే కోయండి. పదేసి చొప్పున కట్టి, నీడలో, గాలి ఆడేచోట తలకిందులుగా వేలాడదీయండి. రెండు వారాలకు ఆరుతుంది. మేకలకు అందని ఎత్తులో కట్టండి, ఈ ఆకు వాటికి మహా ఇష్టం.